ఏ ‘క్యాబరే’ చూశారు? ఒక మ్యూజికల్ అరవై ఏళ్లలో మారిన తీరు

‘క్యాబరే’ అనే మ్యూజికల్, అంటే పాటలతో డాన్సులతో నడిచే నాటకం, చూశాను అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ ‘క్యాబరే’? 1966లో బ్రాడ్‌వేలో (న్యూయార్క్ పెద్ద థియేటర్ల ప్రాంతం) వేసిన నాటకమా, 1972లో వచ్చిన సినిమానా, 1998లో న్యూయార్క్‌లో మొదలై ఆరేళ్లకు దగ్గరగా ఆడినదా, లేక 2021లో లండన్‌లో ఒక థియేటర్‌ని మొత్తం క్లబ్బుగా మార్చేసి వేసినదా? పేరు ఒకటే, కథ కూడా దాదాపు ఒకటే. అయినా ఒకదాంట్లో హీరోయిన్ ఇంగ్లండు అమ్మాయి, ఇంకోదాంట్లో అమెరికా అమ్మాయి. ఒకదాంట్లో ముఖ్యపాత్ర చివరికి నాజీ క్యాంపు ఖైదీ బట్టల్లో నిలబడతాడు, ఇంకోదాంట్లో అదే పాత్ర సూటు తొడుక్కుని గుంపులో కలిసిపోతాడు. ‘క్యాబరే’ పాటలంటే జనానికి ముందు గుర్తొచ్చే వాటిలో రెండు మూడు అసలు మొదటి నాటకంలో లేనే లేవు.

మన దగ్గర క్యాబరే అంటే పాత సినిమాల్లో విలన్ డెన్‌లో వచ్చే క్లబ్ డాన్సే గుర్తొస్తుంది కాబట్టి ముందు కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1929 చివర్లో బెర్లిన్. క్లిఫ్ బ్రాడ్‌షా అనే అమెరికా కుర్రాడు నవల రాద్దామని ఆ ఊరొచ్చి, ఫ్రాయిలైన్ ష్నైడర్ అనే పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంటాడు. కిట్ క్యాట్ క్లబ్బులో పాడే సాలీ బౌల్స్ పెట్టే బేడా సర్దుకొచ్చి అతని గదిలో దిగిపోతుంది. ఇంకోపక్క ష్నైడర్‌కీ, అదే ఇంట్లో ఉండే పళ్ల వ్యాపారి షుల్ట్స్ అనే యూదు పెద్దాయనకీ లేటు వయసులో ప్రేమ. నిశ్చితార్థం పార్టీ పెట్టుకుంటారు, దానికి క్లిఫ్ స్నేహితుడొకడు చేతికి నాజీ పట్టీ కట్టుకుని వస్తాడు. అంతే, అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ కూలిపోతుంది. పెళ్లి ఆగిపోతుంది, సాలీ కడుపు తీయించుకుంటుంది, క్లిఫ్ రైలెక్కి వెళ్లిపోతాడు. ఇదంతా జరుగుతుండగా మధ్యమధ్యలో క్లబ్బు స్టేజీ మీద ముఖానికి రంగు పూసుకున్న ఒకతను జోకులేస్తూ, పాడుతూ, ఆడుతూ ఉంటాడు. అతనికి పేరు లేదు. స్క్రిప్టులో ‘ఎమ్సీ’ అని మాత్రం ఉంటుంది, అంటే కార్యక్రమం నడిపించేవాడు.

అరవై ఏళ్లలో ఈ నాటకానికి పాటలు మారాయి, పాత్రల దేశాలు మారాయి, ముగింపులు మారాయి. వీటిని జాబితాగా చెప్పుకుంటూ పోతే వికీపీడియా చదివినట్టు ఉంటుంది తప్ప ఎందుకు మారాయో అర్థం కాదు. నేను చూసినంతలో ప్రతి దర్శకుడూ నిజంగా మార్చింది ఒక్కటే: ప్రేక్షకుడు ఎక్కడ కూర్చున్నాడు అన్నది. ఎదురుగా సీట్లో కూర్చుని చూస్తున్నాడా, లేక క్లబ్బు లోపల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడా? నాజీలు వస్తుంటే నవ్వుతున్న ఆ జనంలో తనూ ఉన్నాడా, లేడా? మిగతా మార్పుల్లో చాలావరకు ఈ ప్రశ్నకు ఎవరిచ్చుకున్న జవాబుని బట్టి వచ్చినవే.

అన్ని మ్యూజికల్సూ ఇలా మారవు, అది ముందు చెప్పుకోవాలి. పెద్ద విదేశీ మ్యూజికల్స్ టూర్ వేసేటప్పుడు చాలాసార్లు సెట్టు, లైటింగు, డాన్సు అడుగులు, కాస్ట్యూములు అన్నీ అచ్చుగుద్దినట్టు మొదటి ప్రదర్శనలో ఉన్నట్టే ఉంచుతారు. ఊరు మారుతుంది, నటులు మారతారు, షో మారదు. నిర్మాత అమ్మేది ఆ గ్యారంటీనే. ఇంకో రకం ఉంది. అందులో మాటలు, పాటలు మాత్రం హక్కుదారుల దగ్గర అనుమతి తీసుకుని, మిగతాదంతా కొత్త దర్శకుడు మొదట్నుంచీ ఆలోచిస్తాడు. మామూలుగా ఈ రెండో రకంలో కూడా స్క్రిప్టులో ఒక్క మాట మార్చడానికి వీల్లేదు, కాంట్రాక్టులోనే ఉంటుంది. ‘క్యాబరే’ స్క్రిప్టు కూడా మారగలిగిందంటే కారణం, రాసినవాళ్లే దాన్ని పూర్తయిపోయిన వస్తువుగా చూడకపోవడం. మాటలు రాసిన జో మాస్టరాఫ్, సంగీతం కట్టిన జాన్ కాండర్, పాటలు రాసిన ఫ్రెడ్ ఎబ్, ఈ ముగ్గురూ దశాబ్దాల పాటు కొత్త దర్శకులతో కూర్చుని దాన్ని విప్పుతూ మళ్లీ కడుతూ వచ్చారు.

అసలు దీని పుట్టుకే మార్పుల మీద మార్పు. క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ అనే ఇంగ్లిష్ రచయిత 1929లో బెర్లిన్ వెళ్లి 1933 దాకా అక్కడున్నాడు. ఆ అనుభవాలతో రాసిన ‘గుడ్‌బై టు బెర్లిన్’ 1939లో వచ్చింది. అందులో సాలీ కథ ఒక భాగం మాత్రమే. జాన్ వాన్ డ్రూటెన్ దాన్ని 1951లో ‘ఐ యామ్ ఎ కెమెరా’ అని నాటకం చేశాడు. ఈ రెండిటినీ ఆధారం చేసుకుని 1966లో హెరాల్డ్ ప్రిన్స్ దర్శకత్వంలో మ్యూజికల్ వచ్చింది. తమాషా ఏంటంటే, ఇవాళ ‘క్యాబరే’ పోస్టరు మీద ఎవరి బొమ్మ వేస్తారో ఆ ఎమ్సీ ఇషర్‌వుడ్ పుస్తకంలో లేడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యంలో ఉండి జర్మనీలో పనిచేసినప్పుడు ప్రిన్స్ స్టుట్‌గార్ట్‌లోని ఒక నైట్‌క్లబ్బులో పొట్టిగా ఉండే ఒక ఎమ్సీని చూశాడు, పెదాలకు రంగు పూసుకుని చవకబారు జోకులేసే మనిషి. ఆ జ్ఞాపకం నుంచి పుట్టింది ఈ పాత్ర. కాండర్, ఎబ్ కూడా మొదట్లో బెర్లిన్ వాతావరణం చూపించడానికి నాలుగైదు క్లబ్బు పాటలు రాసి నాటకం ఆరంభంలో వరసగా పెడదామనుకున్నారు. తర్వాత వాటిని విడగొట్టి, కథలో సీనుకీ సీనుకీ మధ్య జల్లారు. ఈ మ్యూజికల్ బతికున్నది ఆ నిర్ణయం వల్లే అంటాను. ఇంట్లో ఏదో జరుగుతుంది, వెంటనే క్లబ్బులో దాని మీదే వెటకారంగా ఒక పాట వస్తుంది.

1966 నవంబరు 20న బ్రాడ్‌హర్స్ట్ థియేటర్‌లో ఇది మొదలైనప్పుడు లోపలికొచ్చిన జనానికి తెర కనపడలేదు. స్టేజీ పైన ఏటవాలుగా వేలాడదీసిన పెద్ద అద్దం కనపడింది. అందులో ఎవరున్నారు? వాళ్లే. సెట్టు డిజైనర్ బోరిస్ ఆరన్‌సన్ ఆలోచన అది. నాజీల గురించి చూద్దామని వచ్చినవాళ్లు ముందు తమ ముఖాలు చూసుకోవాలి. రిహార్సల్ మొదటి రోజున ప్రిన్స్ నటుల ముందు ఒక ఫొటో పెట్టాడట, కోపంతో ఊగిపోతున్న తెల్ల కుర్రాళ్ల గుంపు. అందరూ అది జర్మనీ అనుకున్నారు. కాదు, అప్పటి అమెరికానే, నల్లజాతివాళ్ల హక్కుల మీద గొడవ. అంటే మొదటి ప్రొడక్షన్ ఉద్దేశం మొదటి రోజు నుంచీ స్పష్టం: ఇది ముప్ఫై ఏళ్ల కిందట ఎక్కడో జరిగిన కథ కాదు, మీదే.

కానీ అంత స్పష్టంగా ఉన్న ప్రొడక్షన్ కూడా ఒక చోట వెనక్కి తగ్గింది, ఈ నాటకం చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆ ఒక్క లైను కథే. రెండో అంకంలో ఎమ్సీ ఒక గొరిల్లాతో డాన్సు చేస్తాడు. గొరిల్లా గౌను వేసుకుని ముద్దుముద్దుగా ఉంటుంది. లోకం మా ప్రేమని అర్థం చేసుకోదు, మీరూ నా కళ్లతో చూస్తే అర్థమవుతుంది అని అతను హాయిగా పాడుతుంటాడు, జనం నవ్వుతుంటారు. ఆఖరి లైనులో గొంతు తగ్గించి అంటాడు, నా కళ్లతో చూస్తే ఈమె అసలు యూదురాలిలా కనిపించనే కనిపించదు అని. అప్పటిదాకా నవ్విన నోరు అక్కడ మూతపడాలి. నువ్వు ఇంతసేపూ నవ్వింది దేనికో తెలిసిందా అని అడిగే లైను అది. పెళ్లి మానుకుంటున్నానని ష్నైడర్ చెప్పే ఘట్టం పక్కనే ఈ పాట ఉండడం యాదృచ్ఛికం కాదు.

ట్రయల్ ప్రదర్శనల్లోనే దీని మీద పెద్ద గొడవ అయింది. యూదు ప్రేక్షకులు, సంఘాలు అభ్యంతరం చెప్పారు, మమ్మల్ని గొరిల్లాతో పోలుస్తారా అని. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లే అయింది, క్యాంపుల నుంచి బతికొచ్చినవాళ్లు న్యూయార్క్‌లోనే ఉన్నారు, వాళ్ల బాధని కాదనడానికి మనమెవరం? టికెట్లు క్యాన్సిలవుతాయన్న భయం నిర్మాతలకు ఉండనే ఉంది. ఎబ్‌కి ఇష్టం లేకపోయినా లైను మారింది. యూదురాలు అన్న చోట ‘మీస్‌కైట్’ అని పెట్టారు, యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో అందవిహీనమైన మనిషి అని అర్థం. పాట మిగిలింది, దెబ్బ పోయింది. 1972 సినిమాలో అసలు లైను తిరిగొచ్చింది, ఆ తర్వాత స్టేజీ మీదకీ తిరిగొచ్చి నిలిచిపోయింది. ఒక్క మాట. ఉంటే పాట ప్రేక్షకుణ్ణి పట్టుకుంటుంది, లేకపోతే వదిలేస్తుంది.

సినిమా సంగతికొద్దాం, ఎందుకంటే చాలామంది బుర్రలో ‘క్యాబరే’ అంటే అదే. బాబ్ ఫాసీ తీశాడు, ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి, ‘గాడ్‌ఫాదర్’ ఉన్న ఏడాదిలో ఉత్తమ దర్శకుడి అవార్డు కూడా ఈయనే పట్టుకుపోయాడు. ఫాసీ చేసిన అతి పెద్ద మార్పు, మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ పాట అందుకోవడాన్ని తీసిపారేయడం. పాటలన్నీ క్లబ్బు స్టేజీ మీదే, ఒక్కటి తప్ప. దాంతో ష్నైడర్, షుల్ట్స్‌ల ప్రేమ పాటలన్నీ ఎగిరిపోయాయి. షుల్ట్స్ లేనేలేడు, ఆయన బదులు ఇషర్‌వుడ్ పుస్తకంలోంచి ఒక ధనవంతురాలైన యూదు అమ్మాయి కథ వచ్చింది. సాలీ అమెరికన్ అయింది, హీరో ఇంగ్లిష్‌వాడయ్యాడు. మొదటి నాటకంలో ఆడవాళ్లని మాత్రమే ప్రేమించిన హీరోకి ఇక్కడ మగవాళ్ల మీదా ఇష్టం ఉంటుంది, నిజానికి అది ఇషర్‌వుడ్ జీవితానికి దగ్గర. ‘మైన్ హెర్’, ‘మనీ, మనీ’ అనే పాటలు సినిమా కోసం రాసినవి. ‘మేబీ దిస్ టైమ్’ అయితే కాండర్, ఎబ్ అంతకు ఎన్నో ఏళ్ల ముందు రాసిపెట్టుకున్న పాట.

ఈ కొత్త పాటలు ఎంత హిట్టయ్యాయంటే ఇక స్టేజీ మీద వాటిని ఆపడం కుదరలేదు. జనం వాటి కోసమే వస్తారు. 1998 వెర్షన్‌లో ఈ మూడూ నాటకంలో భాగమయ్యాయి. ఇది మనకు వింతేమీ కాదు. బలిజేపల్లి వారి ‘హరిశ్చంద్ర’ నాటకానికి వెళ్లి కాటి సీనులో జాషువా పద్యాలు వినపడకపోతే ఊరుకునే ప్రేక్షకుడెవరు? ఆ పద్యాలు ఆ నాటకం కోసం రాసినవి కావన్న సంగతి కూడా చాలామందికి తెలీదు. నాటకం దేని చుట్టూ పెరిగిందో అదీ నాటకమే అయిపోతుంది.

సినిమా వల్ల వచ్చిన అసలు తలనొప్పి వేరే ఉంది, దాని పేరు లైజా మినెల్లి, అందులో సాలీ వేసిన నటి. కథ ప్రకారం సాలీ బౌల్స్ ఏమంత గొప్ప గాయని కాదు. ఓ మాదిరి క్లబ్బులో ఓ మాదిరిగా పాడుతూ రేపో మాపో స్టార్ అయిపోతానని నమ్మే అమ్మాయి. మినెల్లి 1966లోనే ఈ పాత్ర కోసం ప్రయత్నించింది, కాండర్, ఎబ్‌లకు ఆమే కావాలి, ప్రిన్స్ ఒప్పుకోలేదు. మరీ బాగా పాడుతుంది, పైగా ఇంగ్లిష్ అమ్మాయిలా లేదు అన్నాడు. జిల్ హావర్త్‌ని పెట్టుకున్నాడు, ఆమె పాట బాగాలేదని విమర్శకులు ఏకిపారేశారు. 1968 లండన్ ప్రొడక్షన్‌లో జూడీ డెంచ్ వేసింది, ఆవిడ మొదట జోకనుకుందట, తనేమీ గాయని కాదు మరి. తర్వాత సినిమాలో మినెల్లి టైటిల్ పాటని అందుకుని ఆకాశానికి ఎత్తేసరికి, ఇక ప్రపంచమంతా సాలీ అంటే అలా పాడాలి అని ఫిక్సయిపోయింది. అప్పట్నుంచి సాలీ వేసే ప్రతి నటికీ ఇది చావో రేవో. బాగా పాడితే పాత్ర పోతుంది, పాత్రలా పాడితే టికెట్ కొన్నవాడు గొణుగుతాడు.

ఆ టైటిల్ పాటనే తీసుకోండి. జీవితం అంటే క్యాబరే, ఇంట్లో ఒక్కదానివే కూర్చోకు, రా, వచ్చి సంగీతం విను అని పిలిచే పాట. విడిగా వింటే పెళ్లి రిసెప్షన్‌లో బ్యాండువాళ్లు కూడా వాయించుకోవచ్చు, అంత హుషారు. కథలో అది ఎక్కడ వస్తుందో చూడండి: బెర్లిన్ వదిలి వెళ్లిపోదామని క్లిఫ్ బతిమాలాక, రానని తేల్చేసుకున్న సాలీ మళ్లీ క్లబ్బుకి వెళ్లి పాడుతుంది. బయట దేశం తగలబడుతోంది, ఈమె లోపలికి రమ్మంటోంది. మినెల్లి గొంతులో అది విజయగీతం. 1998లో నటాషా రిచర్డ్‌సన్ పాడితే, తను చెప్పేది తనే నమ్మలేక నమ్ముదామని తంటాలు పడుతున్న మనిషి వినిపిస్తుంది. 2021లో జెస్సీ బక్లీ చేసింది పాడడం కంటే అరవడానికి దగ్గర, మధ్యలో గొంతు విరిగిపోతుంది. సాహిత్యంలో అక్షరం మారలేదు, రాగం మారలేదు. స్క్రిప్టు ముట్టుకోకుండా ప్రొడక్షన్ ఎంత మారగలదో ఇంతకంటే మంచి రుజువు నాకు తెలీదు.

1987లో ప్రిన్స్ మళ్లీ బ్రాడ్‌వేకి తెచ్చాడు, 1966లోనూ సినిమాలోనూ ఎమ్సీ వేసిన జోయెల్ గ్రేనే మళ్లీ ఎమ్సీ. క్లిఫ్‌కి మగవాళ్ల మీద కూడా ఆకర్షణ ఉన్నట్టు మాస్టరాఫ్ తిరగరాశాడు, క్లిఫ్ పాట మార్చారు, మొదటిసారి పక్కన పడేసిన ‘ఐ డోంట్ కేర్ మచ్’ అనే పాట ఎమ్సీకి ఇచ్చారు. అద్భుతం అని ఎవరూ అనలేదు. పాత ఫర్నిచర్‌కి పాలిష్ పెట్టారంతే, ఇక్కడ ఎక్కువసేపు ఆగనవసరం లేదు.

అసలు కుదుపు 1993లో లండన్‌లో వచ్చింది. డాన్మార్ వేర్‌హౌస్ అని చిన్న థియేటరు, శామ్ మెండెస్ అనే ఇరవై ఎనిమిదేళ్ల దర్శకుడు. సీట్లు తీసేసి టేబుళ్లు, చిన్న దీపాలు పెట్టాడు. జనం ఇప్పుడు నాటకం చూడడానికి రాలేదు, కిట్ క్యాట్ క్లబ్బుకి వచ్చారు. దీన్నే రాబ్ మార్షల్ అనే ఇంకో దర్శకుడితో కలిసి 1998లో న్యూయార్క్ తెచ్చినప్పుడు మామూలు బ్రాడ్‌వే థియేటరు కాదు, నిజంగా నైట్‌క్లబ్బులా వాడిన పాత హాలు వెతికారు. ఆ జులైలో పక్కన కడుతున్న భవనం దగ్గర ప్రమాదం జరిగి వీధి మూసేయడంతో కొన్నాళ్లు ఆగి, తర్వాత ‘స్టూడియో 54’కి మారారు. డెబ్బైల్లో న్యూయార్క్‌లో అన్నిటికంటే పేరుమోసిన డిస్కో అది. అక్కడ 2004 జనవరి దాకా ఆడింది, మొత్తం 2,377 ప్రదర్శనలు, మొదటి ప్రొడక్షన్ 1,165కి రెట్టింపు. క్లబ్బు బ్యాండు వేరే కూర్చోలేదు, డాన్సర్లే వాయిద్యాలు వాయించారు. మేజోళ్లకు చిరుగులు, చేతుల మీద దెబ్బల గుర్తులు, మాదకద్రవ్యాల మచ్చలు. 1966 నాటి క్లబ్బు పక్కన ఇది మురికి కాలువలా ఉంటుంది, అది పొగడ్తే.

ఇందులో ఎమ్సీ అలన్ కమింగ్. జోయెల్ గ్రే ఎమ్సీ కీ ఇచ్చిన బొమ్మలాంటివాడు, నవ్వు అతికించినట్టు ఉంటుంది, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలీదు, ఒక రకంగా అతనే జర్మనీ. కమింగ్ ఎమ్సీకి ఒళ్లుంది. చొక్కా లేకుండా, సగం బట్టల్లో, ఆడా మగా తేడా లేకుండా ప్రేక్షకులతో సరసాలాడతాడు, టేబుళ్ల దగ్గరికొచ్చి డాన్సుకి లాగుతాడు, క్లబ్బు బయటి సీన్లలో కూడా ఓ మూల నిలబడి చూస్తుంటాడు. రెండున్నర గంటలు మనకు అంత దగ్గరైపోయాక చివర్లో కోటు విప్పుతాడు. లోపల క్యాంపు ఖైదీ చారల బట్టలు, వాటి మీద యూదుల పసుపు నక్షత్రం, స్వలింగ ప్రియులకు వేసిన గులాబీ త్రికోణం. హాలు మొత్తం గడ్డకట్టుకుపోయేదని చూసినవాళ్లంతా రాశారు.

నాకు మాత్రం ఈ ముగింపుతో ఒక పేచీ ఉంది. అది గుండెని పిండేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అలా పిండడంలోనే ప్రేక్షకుడికి ఒక చిన్న దారి దొరుకుతుంది. ఎమ్సీ బాధితుడైపోయాడు, మనం అతన్ని ప్రేమించాం, కాబట్టి మనం అతని పక్షం. ఏడ్చి బయటికి రావచ్చు. 1966 అద్దం అడిగిన ప్రశ్నకు, ‘ఆ నవ్విన జనం నువ్వేనా’ అన్నదానికి, ఇక్కడ జవాబు చెప్పకుండానే తప్పించుకోవచ్చు. ఇదే ప్రొడక్షన్ మొదట్లో మనల్ని క్లబ్బు లోపల కూర్చోబెట్టింది, చివర్లో మెల్లగా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది.

2021లో రెబెకా ఫ్రెక్‌నాల్ అనే దర్శకురాలు సరిగ్గా ఆ దారి మూసేసింది. లండన్‌లోని ప్లేహౌస్ థియేటర్ పేరే కిట్ క్యాట్ క్లబ్ అని మార్చారు, టామ్ స్కట్ డిజైను. ముందు గుమ్మం లోంచి కాదు, పక్క దారిలోంచి లోపలికి. ఫోన్ కెమెరాకి స్టిక్కరు అంటిస్తారు. నాటకం మొదలవకముందే నడవాల్లో వాయిద్యాలు, డాన్సులు, చేతిలో గ్లాసు. స్టేజీ గుండ్రంగా మధ్యలో, చుట్టూ జనం, అంటే ఎటు చూసినా ఎదురుగా ఇంకో ప్రేక్షకుడి ముఖమే. ఆరన్‌సన్ అద్దం లేకుండానే అద్దం పని జరిగిపోయింది. ఎడ్డీ రెడ్‌మేన్ ఎమ్సీ తలమీద చిన్న పుట్టినరోజు టోపీతో, వంకర్లు తిరిగిన ఒంటితో, ఏదో జంతువులా మొదలవుతాడు. ఒక్కో పాటకీ వేషం మారుతుంది, నాటకం నడిచేకొద్దీ నిటారుగా అవుతాడు, చివరికి నీటుగా సూటు వేసుకుని నిలబడతాడు. రంగురంగుల క్లబ్బు మనుషులంతా ఒకే రకం వెలిసిపోయిన రంగు సూట్లలోకి వచ్చేస్తారు. ఈ ఎమ్సీ క్యాంపుకి వెళ్లడు. సర్దుకుపోతాడు, బతికిపోతాడు. ఇలాంటివాడి కోసం ఏడవలేం, అందుకే నాకు ఇది మెండెస్ ముగింపు కంటే పదునుగా అనిపిస్తుంది.

అయితే ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. స్టేజీ పక్క టేబుళ్లకి వందల పౌండ్లు, షాంపేన్, భోజనం. విమర్శకులు కొందరు ఇది మరీ అన్నారు, ఇంకొందరు అదే పాయింటు కదా అన్నారు, బయట లోకం కాలుతుంటే లోపల డబ్బులిచ్చి తాగుతున్నవాళ్ల గురించే కదా నాటకం అని. రెండూ నిజమే అనుకుంటా. లండన్ నాటకాలకిచ్చే ఒలివియర్ అవార్డులు ఏడు వచ్చాయి, పాత మ్యూజికల్‌ని మళ్లీ వేసిన ఏ ప్రొడక్షన్‌కీ అప్పటిదాకా అన్ని రాలేదు. 2024 ఏప్రిల్‌లో బ్రాడ్‌వేకి వెళ్లాక మాత్రం రివ్యూలు అంత వేడిగా రాలేదు. 2025 సెప్టెంబరులో అక్కడ మూసేశారు.

ఇందాక సినిమాలో ఒకే ఒక్క పాట క్లబ్బు బయట ఉందన్నాను కదా, ‘టుమారో బిలాంగ్స్ టు మీ’. పచ్చిక, సూర్యుడు, నది, రేపు మాది అని సాగే జానపదంలాంటి పాట. మొదటి నాటకంలో క్లబ్బు వెయిటర్లు పాడతారు. విన్నవాడికి హాయిగా ఉంటుంది, ఆ తర్వాత నిశ్చితార్థం పార్టీలో అదే పాట మళ్లీ వచ్చేసరికి అది ఎవరిదో తెలిసి కడుపులో తిప్పుతుంది. ఫాసీ దాన్ని ఎండలో ఆరుబయట పెట్టాడు. అందమైన కుర్రాడి ముఖం, తీయని గొంతు, కెమెరా కిందికి దిగితే చేతికి నాజీ పట్టీ, ఒక్కొక్కరే లేచి గొంతు కలుపుతారు. మెండెస్ గ్రామఫోను రికార్డులో పసివాడి గొంతు వినిపించాడు. ఇది అసలైన నాజీ పాటే అని చాలామంది నమ్మారు, కాండర్, ఎబ్‌ల మీద విరుచుకుపడుతూ ఉత్తరాలు కూడా వచ్చాయి. ఇద్దరూ యూదులు, పాట పూర్తిగా వాళ్ల సొంతం. ఇంతకంటే దారుణం, తర్వాతి కాలంలో నిజంగానే నాజీ అనుకూల బ్యాండ్లు దీన్ని తమ పాటగా పాడుకున్నాయి. ప్రొడక్షన్ దాటి బయటికొచ్చిన పాట ఎవడి చేతిలో పడితే వాడి అర్థం తొడుక్కుంటుంది. నాటకం లోపల ఉన్నంతసేపే దానికి కాపలా.

కాపలా కూడా ఎప్పుడూ పనిచేస్తుందని కాదు. 2024 నవంబరులో జోయెల్ గ్రే, అప్పటికి తొంభై రెండేళ్లాయన, న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. గొరిల్లా పాట ఆఖరి లైను దగ్గర 1966 ట్రయల్ ప్రదర్శనల్లో జనం ఉలిక్కిపడేవాళ్లు, ఇప్పుడు కొంతమంది నవ్వుతున్నారట అని. ఉలిక్కిపడి తర్వాత సిగ్గుపడే నవ్వు కాదు, మామూలుగా జోకుకి నవ్వినట్టు. అదే సమయంలో బ్రాడ్‌వేలో ఎమ్సీ వేస్తున్న ఆడమ్ లాంబర్ట్ ఒకసారి నాటకం మధ్యలోనే, ఇది కామెడీ కాదు అని నవ్వినవాళ్లకి చెప్పాల్సొచ్చింది. ఆలోచించండి, 1966లో జనం గట్టిగా గాయపడ్డారని లైను తీసేశారు, ఇప్పుడు లైను ఉంది, గాయం లేదు. దర్శకుడు టేబుళ్లు వేసి, దీపాలు పెట్టి, పక్క దారిలోంచి లోపలికి తెచ్చి, అన్నీ చేసి ప్రేక్షకుణ్ణి క్లబ్బులో కూర్చోబెట్టగలడు. అతను నిజంగానే ఆ క్లబ్బు కస్టమర్‌లా ప్రవర్తిస్తే ఏం చెయ్యాలో ఏ ప్రొడక్షన్ దగ్గరా సమాధానం లేదు.

షుల్ట్స్ మాట ఒకటి కూడా ఇలాగే. కొట్టు అద్దం పగిలినా, పెళ్లి పోయినా, ఆయన వెళ్తూ వెళ్తూ ఇదంతా నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుంది, జర్మన్ల సంగతి నాకు తెలుసు, ఎంతైనా నేనూ జర్మన్‌నే కదా అంటాడు. స్టేజీ మీద ఈ మాట పెద్దగా మారలేదు. మారింది వినేవాడు. 1966లో విన్నవాళ్లలో చాలామందికి అది తమ కుటుంబంలోనే చనిపోయిన ఒక మనిషి గొంతు. ఇవాళ విన్నవాడికి అది పొద్దున వార్తల్లో విన్న మాటలా ఉండొచ్చు, ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి.

ఇప్పుడు ఎవరైనా కాలేజీవాళ్లో ఔత్సాహిక బృందమో దీన్ని వెయ్యాలనుకుంటే, హక్కులు చూసే కంపెనీ దగ్గర ‘క్యాబరే’ అని అడిగితే సరిపోదు, ఏ ఏడాది వెర్షన్ కావాలో చెప్పాలి. పాటల వరస, క్లిఫ్ స్వభావం, వాయిద్యాల సంఖ్య అన్నీ దాన్ని బట్టే. పెద్ద వయసు జంట షుల్ట్స్, ష్నైడర్‌ల కథకి బరువివ్వాలనుకుంటే 1966ది మంచిదని నా అభిప్రాయం. చిన్న హాలు, వాయిద్యాలు వచ్చిన కుర్రకారు ఉంటే 1998ది.

చూసే వీలు లేనివాళ్లు వినొచ్చు. 1966 బ్రాడ్‌వే రికార్డు, 1968 జూడీ డెంచ్ది, 1972 సినిమా, 1998ది, 2021 లండన్‌ది అన్నీ దొరుకుతాయి. మెండెస్ డాన్మార్ ప్రదర్శనని బ్రిటన్ ఛానల్ 4 టీవీ కోసం చిత్రీకరించింది కూడా. మొత్తం వినే ఓపిక లేకపోతే టైటిల్ పాట ఒక్కటే వినండి, డెంచ్ దగ్గర మొదలుపెట్టండి. మినెల్లిని చివరికి ఉంచుకోండి, ముందే వింటే మిగతావాళ్లెవరూ చెవికి ఆనరు.